ఫిషింగ్ హార్బర్ ఖర్చు గురించి పార్లమెంటులో ప్రశ్న అడిగించాలంటే ఎలా రాయాలి?

సరంగు కొడుకు:

అందరికీ నమస్కారం. మాది సముద్రం ఒడ్డున వేట మీద బతికే ఊరు. నాన్న మరబోటు సరంగు, అంటే బోటు నడిపే పెద్ద. నేను డిగ్రీ అయ్యాక బోటు యజమానుల సంఘంలో లెక్కలు చూస్తున్నాను.

మా హార్బర్ విస్తరణ పనులు మొదలై చాలా ఏళ్లయింది. మొగకు, అంటే సముద్రంలోంచి బోట్లు లోపలికొచ్చే దారికి, రెండు వైపులా రాళ్ల గోడలు, లోపల పూడికతీత, జెట్టీ పొడిగింపు, వేలం హాలు, ఐస్ ప్లాంటు... ఇవన్నీ బోర్డు మీద రాసి ఉన్నాయి. ఇప్పటికి ఉత్తరం గోడ సగం దాకా వచ్చి ఆగింది. దక్షిణం గోడ మొదలే కాలేదు. వేలం హాలుకు పైకప్పు పడింది, రంగులు కూడా వేశారు. కానీ మొగలో ఆటు సమయంలో బోటు అడుగు ఇసుకను రాసుకుంటోంది. పోటు వచ్చేదాకా బయట లంగరేసి కూర్చోవాల్సిందే. ఈలోగా ఐసు కరిగిపోతుంది, చేప మెత్తబడుతుంది, వేలంలో రేటు పడిపోతుంది. గాలి ఎక్కువగా ఉన్న రోజున అలా ఆగలేక లోపలికి తెద్దామని చూసిన ఒక బోటు మొగలోనే తిరగబడింది. మనుషులు ఈదుకుంటూ బయటపడ్డారు. ఇంజిను, వల పోయాయి.

ఆ మధ్య పార్లమెంటులో ఎవరో సభ్యులు అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబులో మా హార్బర్ పేరు పక్కన చాలా పెద్ద మొత్తం ఉందని పేపర్లో వేశారు. అప్పటి నుంచి ఊళ్లో ఒకటే గొడవ. అంత డబ్బు వస్తే మొగలో ఇసుక ఎందుకుంది, మధ్యలో ఎవరు తిన్నారు అని. సంఘం మీటింగులో ఒకరినొకరు కొట్టుకునే దాకా వెళ్లింది.

మా ఎంపీ గారి ఆఫీసుకు వెళ్తే వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. "ప్రశ్న మీరే రాసుకుని రండి, నోటీసు ఇప్పిస్తాం" అన్నారు. ఏం రాయాలో తెలియడం లేదు. ఏ మంత్రిత్వ శాఖను అడగాలి? జవాబు తప్పించుకోకుండా ఉండాలంటే ఎలా అడగాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

పది రూపాయల దరఖాస్తు:

బ్రదర్, దీనికి ఎంపీ దాకా ఎందుకు? సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో మీరే అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు ఉంది. ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు, బిల్లుల నకళ్లు కావాలంటే ఇదే దారి. పార్లమెంటు జవాబులో అవి ఎప్పటికీ రావు.

పాత పద్దు:

సమాచార హక్కు దరఖాస్తు తప్పకుండా వెయ్యండి. కానీ పార్లమెంటు ప్రశ్నను వదలొద్దు తమ్ముడూ. రెండింటి పనీ వేరు. సభలో మంత్రి పేరుతో వచ్చిన అంకె రికార్డులో శాశ్వతంగా ఉంటుంది. రేపు దాన్ని కాదనడం ఎవరికైనా కష్టం.

నేను ఇంజినీరింగ్ డివిజన్‌లో అకౌంట్స్ వైపు పనిచేసి రిటైరయ్యాను. పార్లమెంటు ప్రశ్నలకు, అసెంబ్లీ ప్రశ్నలకు కింది నుంచి అంకెలు పంపే బల్ల మీద చాలాకాలం కూర్చున్నాను. మేం వాటిని పీక్యూ, ఎల్ఏక్యూ అనేవాళ్లం. ఢిల్లీలో ప్రశ్న అడ్మిట్ అయ్యాక అది మంత్రిత్వ శాఖ నుంచి రాష్ట్ర శాఖకు, అక్కడి నుంచి కమిషనర్‌కు, చీఫ్ ఇంజినీర్‌కు, ఎస్ఈకి (సూపరింటెండింగ్ ఇంజినీర్‌కు), చివరికి డివిజన్‌కు దిగుతుంది. మా దగ్గరికి వచ్చేసరికి పైన "అత్యవసరం, ఈ సాయంత్రానికి" అని రాసి ఉంటుంది. ఆఫీసంతా టెన్షన్. అప్పుడు ఏం చేస్తాం? ప్రశ్నలో ఏ గడి ఉందో ఆ గడి నింపుతాం. అడగని గడి ఎవరూ గీయరు. అది దాచిపెట్టడం కాదు. అడగనిది రాస్తే పైవాళ్లు ఇదెందుకు రాశావని అడుగుతారు, అంతే. కాబట్టి జవాబు ఎంత బాగుంటుందనేది సగానికి పైగా మీ ప్రశ్న చేతిలోనే ఉంటుంది.

పేపర్లో వచ్చిన పెద్ద మొత్తం సంగతి. ఆ జవాబు నేను చూడలేదు. కానీ అలాంటి జాబితాల్లో హార్బర్ పేరు పక్కన ఉండేది దాదాపు ఎప్పుడూ మంజూరు చేసిన ప్రాజెక్టు వ్యయమే. అంటే పరిపాలనా అనుమతి ఇచ్చిన మొత్తం. దానికీ ఖర్చయిన డబ్బుకూ మధ్య చాలా మెట్లున్నాయి. మంజూరైన దాంట్లో కొంత విడుదలవుతుంది. 2021 జూలై నుంచి కేంద్ర పథకాల డబ్బు రాష్ట్రంలో సింగిల్ నోడల్ ఏజెన్సీ (ఒక్కో పథకానికి నియమించిన ఒకే సంస్థ) బ్యాంకు ఖాతాలో పడే పద్ధతి పెట్టారు, కనుక ఆ పద్ధతిలో "విడుదల చేశాం" అన్న డబ్బు ఆ ఖాతాలోనే ఉండిపోయి ఉండొచ్చు. అందులోంచి కాంట్రాక్టరుకు పార్ట్ బిల్లు (అప్పటికి అయినంత పనికి బిల్లు) చెల్లించినప్పుడే అది ఖర్చు. ఆ తర్వాత, డబ్బు ఆ పనికే వాడామని చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ పైకి వెళ్లాలి. అది ఆగితే తర్వాతి విడత ఆగుతుంది, విడత ఆగితే బిల్లు ఆగుతుంది, బిల్లు ఆగితే కాంట్రాక్టరు మెషీన్లు తీసుకుని వెళ్లిపోతాడు. మీ ఉత్తరం గోడ సగంలో ఆగడానికి కారణం ఈ గొలుసులో ఎక్కడో ఉండొచ్చు. ఎవరో తిన్నారని సంఘంలో కొట్టుకునే ముందు ఈ మూడు అంకెలు విడివిడిగా రాబట్టండి: మంజూరు ఎంత, విడుదల ఎంత, చెల్లింపు ఎంత. ఆ మూడూ పక్కపక్కన పెడితే డబ్బు ఎక్కడ ఆగిందో సగం తెలిసిపోతుంది.

ఇక ఎవరిని అడగాలి అన్నది. ఇక్కడ చాలామంది తప్పు తలుపు తడతారు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం మేజర్ పోర్టులు కేంద్ర జాబితాలో, మిగతా పోర్టులు ఉమ్మడి జాబితాలో, చేపల వేట రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. ప్రాదేశిక జలాలు దాటాక వేట మళ్లీ కేంద్రానిది. హార్బర్ అనగానే పోర్టుల మంత్రిత్వ శాఖకు రాస్తే "ఇది మాది కాదు" అని మత్స్యశాఖకు బదిలీ చేస్తారు, ఈలోగా ఆ సెషన్ అయిపోతుంది. మీ హార్బర్‌కు ఏ పథకం డబ్బో ముందు తెలుసుకోండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన అయితే మత్స్య, పశుసంవర్ధక, పాడి మంత్రిత్వ శాఖ. సాగరమాల (కేంద్ర పోర్టుల శాఖ పథకం) డబ్బు కూడా కలిసి ఉంటే పోర్టుల శాఖకు ఇంకో ప్రశ్న. విశాఖ ఫిషింగ్ హార్బర్ లాంటిది పోర్టు అథారిటీ కింద ఉంది కాబట్టి దాని లెక్క వేరు.

ఎఫ్ఐడీఎఫ్ (మత్స్య రంగ మౌలిక సదుపాయాల నిధి) అయితే ఇంకా జాగ్రత్త. 2018-19లో పెట్టిన ఆ నిధి 7,522.48 కోట్లని గొప్పగా చెబుతారు గానీ, అది గ్రాంటు కాదు, రుణం. నాబార్డు లాంటి సంస్థలు ఇస్తాయి, రాష్ట్రం తిరిగి కట్టాలి. కేంద్రం భరించేది వడ్డీలో ఏడాదికి 3 శాతం దాకా మాత్రమే. మన రాష్ట్రంలో ఉప్పాడ, నిజాంపట్నం, మచిలీపట్నం హార్బర్లు ఆ దారిలో తీసుకున్నవే. అలాంటి హార్బర్ మీద "కేంద్రం ఎంత ఖర్చు పెట్టింది?" అని అడిగితే సరైన జవాబు చాలా చిన్న అంకె. దాన్ని చూసి జనం ఇంకో రకంగా అపార్థం చేసుకుంటారు.

ఇంకో మాట, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. వేలం హాలుకు పైకప్పు పడిందన్నారు, రంగు వేశారన్నారు. కంటికి కనిపించే పని ఎప్పుడూ ముందు అవుతుంది. హార్బర్‌లో అసలు డబ్బు నీళ్ల కింద ఉంటుంది. రోడ్డు వేస్తే ఎవరైనా తవ్వి మందం చూడొచ్చు. పూడికతీతలో అలా కుదరదు. తవ్వే ముందు ఒకసారి, తవ్విన తర్వాత ఒకసారి సౌండింగ్ సర్వే, అంటే నీటి లోతు కొలిచే సర్వే, చేస్తారు. ఆ రెండు కొలతల మధ్య తేడానే క్యూబిక్ మీటర్లుగా ఎం-బుక్‌కు ఎక్కుతుంది, దాని మీదే బిల్లు. తర్వాత ఒక్క వానాకాలం గడిస్తే ఇసుక మళ్లీ వచ్చేస్తుంది. ఆ తర్వాత తవ్వారా లేదా అన్నది ఎవరూ నిరూపించలేరు. అందుకే సర్వే తేదీ, లోతు రెండూ ప్రశ్నలో ఉండాలి. తేదీ లేని లోతుకు విలువ లేదు.

మీ గోడల గురించి చదివి మనసు కలుక్కుమంది. మా ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) గారు ఒకాయన చెప్పేవారు, మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుందని. విశాఖలో కూడా అంతే, పోర్టు దక్షిణాన చేరే ఇసుకను డ్రెడ్జర్‌తో తీసి ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు పోస్తుంటారు. మరి దక్షిణం గోడ లేకుండా ఉత్తరం గోడ మాత్రమే సగం కడితే, నడిచి వచ్చే ఇసుక మీ మొగలోకి దిగి ఆ గోడ దగ్గర నిలబడిపోదా? నేను ఇంజినీరును కాదు, మీ ఊరు చూడలేదు. కానీ ఏ గోడ ముందు కట్టాలని డిజైన్‌లో ఉంది అన్నది అడగదగ్గ ప్రశ్నే.

సరంగు కొడుకు:

గోడల సంగతి మా పెద్దవాళ్లు ఇదే అంటున్నారు సార్. ఆ గోడ వచ్చాకే మొగ ఇంకా పూడిందని. మేం చదువుకోనివాళ్ల మాట అని ఎవరూ పట్టించుకోలేదు.

నేనొక ముసాయిదా రాశాను, చూడండి:

(ఎ) మా హార్బర్ పనులు ఇంత ఆలస్యం కావడానికి కారణం ఏమిటి? (బి) కాంట్రాక్టరు, అధికారులు కలిసి నిధులు స్వాహా చేశారన్నది వాస్తవమేనా? (సి) మత్స్యకారుల ప్రాణాలంటే ప్రభుత్వానికి లెక్క లేదా? (డి) ప్రభుత్వం ఏం చర్యలు తీసుకుంటోంది?

గ్రీన్ షీట్:

నేను కొన్నాళ్లు ఒక ఎంపీ గారి దగ్గర ప్రశ్నలు, జీరో అవర్ నోటీసులు చూసుకునేవాణ్ని. మీ కోపం న్యాయమే గానీ ఈ ముసాయిదా ఇలా పోదు. లోక్‌సభ నియమాల్లో 41వది చూడండి. ప్రశ్నలో వాదనలు, నిందలు, వ్యంగ్యం, ఆరోపణలు ఉండకూడదు. (బి), (సి) సచివాలయం దగ్గరే ఆగిపోతాయి, కొన్నిసార్లు వాటితోపాటు మొత్తం ప్రశ్నే పోతుంది. (డి)కి వచ్చే జవాబు నేను ఇప్పుడే చెప్పగలను: "పనుల పురోగతిని క్రమం తప్పకుండా సమీక్షిస్తున్నాం."

ప్రాక్టికల్ విషయాలు కొన్ని. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. నోటీసు కనీసం 15 పూర్తి రోజుల ముందు వెళ్లాలి. ఒక్కో మంత్రిత్వ శాఖకు వారంలో ఒక రోజు ఉంటుంది, ఆ తేదీల పట్టిక ఎంపీ గారి ఆఫీసులో దొరుకుతుంది. వచ్చిన నోటీసులకు బ్యాలెట్ (లాటరీ) తీస్తారు. లోక్‌సభలో ఆ రోజు జాబితాలోకి నక్షత్ర గుర్తువి (సభలో నోటి జవాబు ఇచ్చేవి) 20, గుర్తు లేనివి (రాతపూర్వక జవాబు ఇచ్చేవి) 230 మాత్రమే వెళ్తాయి. అందువల్ల మొదటిసారే వస్తుందని ఆశ పెట్టుకోకండి. అదే ప్రశ్న తర్వాతి వారం మళ్లీ ఇవ్వమనండి. రాజ్యసభలో తెలిసిన సభ్యులెవరైనా ఉంటే వాళ్ల ద్వారా కూడా ప్రయత్నించండి.

అందరూ నక్షత్ర గుర్తు ప్రశ్నే కావాలంటారు, మంత్రి నిలబడి జవాబు చెబుతారని. మీకు నా సలహా, గుర్తు లేనిదే అడగండి. నోటి జవాబుల గంటలో నాలుగైదు ప్రశ్నలు దాటడమే కష్టం. మీకు కావలసింది పట్టిక. పట్టిక రాతపూర్వక జవాబులోనే హాయిగా వస్తుంది. అంకెలు చేతికొచ్చాక, వాటి మీద నిలదీయాలంటే అప్పుడు నక్షత్ర గుర్తు ప్రశ్న వేయించి, మంత్రి జవాబు మీద అప్పటికప్పుడు అనుబంధ ప్రశ్నలు అడిగించొచ్చు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. ప్రశ్న రాసినందుకు, పంపినందుకు ఎవరైనా డబ్బులడిగితే వెంటనే వెనక్కి వచ్చేయండి. 2005లో ప్రశ్నలకు డబ్బు తీసుకున్నారని 11 మంది సభ్యులు సభ్యత్వమే పోగొట్టుకున్నారు.

తీరం వాడు:

టెండరు పిలిచింది రాష్ట్రం, పని చేయించేది రాష్ట్రం. ఢిల్లీలో అడిగితే "రాష్ట్ర ప్రభుత్వం తెలిపిన ప్రకారం" అని మొదలుపెడతారు. దీనికి అసెంబ్లీయే సరైన చోటు అని నా అభిప్రాయం. ఎమ్మెల్యే గారిని పట్టుకోండి.

పాత పద్దు:

తీరం వాడు గారు చెప్పింది కాదనలేను. కేంద్రం డబ్బు ఎంత, ఎప్పుడు వచ్చింది అన్నది పార్లమెంటులో తేలుతుంది. టెండరు, గడువు పొడిగింపులు, జరిమానా వేశారా లేదా అన్నది అసెంబ్లీలో తేలుతుంది. రెండు చోట్లా అడిగించండి. రెండు జవాబుల్లో ఒకే అంకె రాకపోతే మీకు అసలు ప్రశ్న అప్పుడు దొరుకుతుంది.

అడిగే ముందు ఒక పని చెయ్యండి. రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉంటాయి. డిమాండ్లలో 4405 అన్న మేజర్ హెడ్ (పద్దు నంబరు) తెరవండి. అది మత్స్యశాఖ పెట్టుబడి వ్యయం. అందులో 104 కింద ఫిషింగ్ హార్బర్లు, ల్యాండింగ్ సౌకర్యాలు ఉంటాయి. పోర్టులవైతే 5051. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు అని గడులుంటాయి. అంచనా గడిలో పెద్ద అంకె ఉండి, రెండేళ్ల తర్వాతి పుస్తకంలో అదే సంవత్సరపు వాస్తవ గడిలో చిన్న అంకె ఉంటే, డబ్బు పుస్తకంలోనే ఉండిపోయిందని అర్థం. అది చేతిలో పెట్టుకుని అడిగితే ప్రశ్నకు బలం వస్తుంది.

ఇప్పుడు మీ ముసాయిదాను ఇలా మార్చాను:

(ఎ) ఫలానా ఫిషింగ్ హార్బర్ విస్తరణకు ఏ పథకం కింద, ఏ తేదీన, ఎంత మొత్తానికి పరిపాలనా అనుమతి ఇచ్చారు; అందులో కేంద్ర వాటా, రాష్ట్ర వాటా, రుణం ఎంతెంత;

(బి) అప్పటి నుంచి ఏడాదివారీగా విడుదల చేసిన మొత్తం, వాస్తవంగా ఖర్చయిన మొత్తం, యుటిలైజేషన్ సర్టిఫికెట్లు అందిన మొత్తం ఎంతెంత;

(సి) ఉత్తర, దక్షిణ బ్రేక్‌వాటర్లు (రాళ్ల గోడలు), డ్రెడ్జింగ్ (పూడికతీత), జెట్టీ, వేలం హాలు: వీటిలో ఒక్కోదానికి ఒప్పందం విలువ, ఇప్పటి వరకు చెల్లింపు, పూర్తయిన పని శాతం ఎంత;

(డి) ప్రవేశ మార్గానికి డిజైన్‌లో నిర్ణయించిన లోతు ఎంత; చివరి సౌండింగ్ సర్వే ఏ తేదీన జరిగింది, అందులో నమోదైన లోతు ఎంత;

(ఇ) మొదటి గడువు, పొడిగించిన గడువులు, ఒక్కో పొడిగింపుకు కారణం ఏమిటి. పని పూర్తయ్యాక ఏటా పూడికతీతకు అయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు?

ఇందులో నింద ఒక్కటీ లేదు. కానీ (సి) గడులు నింపేటప్పుడు డివిజన్‌లో కూర్చున్న మనిషికి చెమట పడుతుంది. హాలు దగ్గర 90 శాతం, డ్రెడ్జింగ్ దగ్గర సున్నా అని పక్కపక్కన రాయాల్సి వస్తే అది ఎస్ఈ గారి టేబుల్ మీద ఆగుతుంది, అక్కడ ఒక మీటింగ్ పెడతారు. కొన్నిసార్లు సభలో జవాబు రాకముందే సైట్‌లోకి మెషీన్ దిగుతుంది. ఇది నేను కళ్లారా చూశాను. బ్రిటిషువాళ్ల కాలంలో 1892 చట్టంతో కౌన్సిల్ సభ్యులకు ప్రశ్న అడిగే హక్కు వచ్చింది, అనుబంధ ప్రశ్న అడగాలంటే 1909 దాకా ఆగాల్సి వచ్చింది. అంత కష్టపడి వచ్చిన హక్కును "చర్యలు తీసుకుంటోందా?" అనే ఖాళీ ప్రశ్నలకు వాడేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

(ఇ)లో చివరి ముక్కను మాత్రం ఎవరు తీసెయ్యమన్నా తియ్యొద్దు. కట్టడానికి పథకాలుంటాయి. ఏటా పూడిక తీయడానికి పథకం ఉండదు. మొగ బతికేది దాని మీదే.

సరంగు కొడుకు:

చాలా చాలా థాంక్స్ సార్. దీన్ని యథాతథంగా ఇస్తాను. అసెంబ్లీకి కూడా గడువుల మీద వేరుగా రాస్తాను. చివరిగా ఒక్క అనుమానం. "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం" అని వచ్చేస్తే ఏం చేయాలి? పని అక్కడితో అయిపోయినట్టేనా?

గ్రీన్ షీట్:

అయిపోదు. ఆ వాక్యం ప్రభుత్వ హామీ కిందికి వస్తుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి. ప్రభుత్వ హామీల కమిటీ అలాంటి వాటి జాబితా పెట్టుకుని వెంటపడుతుంది, ఆలస్యమైతే మంత్రిత్వ శాఖ గడువు పొడిగింపు కోరుకోవాలి. మీరు చేయాల్సింది, జవాబు వచ్చిన తేదీ, ప్రశ్న నంబరు రాసి పెట్టుకోవడం. మూడు నెలలు దాటగానే ఆ నంబరుతో ఎంపీ గారి చేత మంత్రికి ఉత్తరం రాయించండి. వచ్చిన జవాబు అసంపూర్తిగా ఉంటే అదే అంశం మీద అరగంట చర్చకు నోటీసు ఇచ్చే వీలు కూడా ఉంది.

పాత పద్దు:

జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. ఈలోగా మొగ లోతు మీరే కొలిచి పెట్టుకోండి. తాడుకు సీసపు గుండు కట్టి, అరమీటరుకో ముడి వేసి, దారి పొడవునా గుర్తులు పెట్టుకుని ఒక్కో గుర్తు దగ్గర దింపండి. తేదీ, టైము, ఆ సమయానికి ఆటా పోటా, సంఘం పుస్తకంలో రాసి ఇద్దరు ముగ్గురు సరంగుల చేత సంతకాలు పెట్టించండి. ఒక జాగ్రత్త. సర్వేలో లోతును చార్ట్ డేటమ్ నుంచి లెక్కిస్తారు, అంటే సుమారుగా నీళ్లు బాగా తగ్గినప్పటి మట్టం. మీరు పోటు మీద కొలిస్తే లోతు ఎక్కువ చూపించి మీ కేసే బలహీనపడుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడు కొలవండి. నాన్నగారికి ఆ టైము నాకన్నా బాగా తెలుసు.